పారామెడిసిన్‌కు సొంత పరిశోధన శాస్త్రంగా గుర్తింపు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడిలో పుట్టాను. పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లాలో తొమ్మిదేళ్లు 108 బండిలో ఈఎంటీగా, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా, పనిచేశాను. ఇప్పుడు అదే పని పిల్లలకు నేర్పుతున్నాను. క్లాసులోనూ, బండి పక్కన టీ తాగేటప్పుడూ, బరంపురం, గుణుపురం, రాయగడల నుంచి ఫోన్ చేసేవాళ్ల దగ్గరా పదే పదే వచ్చే ప్రశ్నలను ఒకచోట చేర్చి, నాకు తెలిసినంతలో జవాబులు రాశాను.

పారామెడిసిన్ అంటే పారామెడికల్ కోర్సే కదా?

కాదు. చాలా చిక్కులకు ఈ పొరపాటే మూలం. మన వైపు పారామెడికల్ అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే, డయాలిసిస్, ఆపరేషన్ థియేటర్ అసిస్టెంట్. అవన్నీ అవసరమైన పనులే, కానీ ఆస్పత్రి గోడల లోపల జరిగేవి. పారామెడిసిన్ గోడ బయట మొదలవుతుంది. పొలం గట్టు మీద, ఇంటి వసారాలో, ఘాట్ రోడ్డు మలుపులో, కదిలే బండిలో రోగిని చూసి, అంచనా వేసి, వైద్యం మొదలుపెట్టి, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో తేల్చే విద్య ఇది. పక్కన డాక్టరు ఉండడు. ఫోన్‌లో కాల్ సెంటర్ డాక్టరు దొరుకుతాడు, సిగ్నల్ ఉంటే.

ఇంటర్ అయిన పిల్లాడు "పారామెడికల్‌లో చేరుతున్నా" అంటే ఇంట్లోవాళ్లు ల్యాబ్ అనుకుంటారు, వాడు అంబులెన్స్ అనుకుంటాడు. చేరే ముందు సిలబస్ కాగితం అడిగి చూడండి.

ఎమర్జెన్సీ మెడిసిన్ అని డాక్టర్లకు ఒక శాఖ ఉంది కదా. ఇది అందులో భాగమే కాదా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. ఒక ఉదాహరణ చెబుతాను.

మూర్ఛ వచ్చి ఆగకుండా కొట్టుకుంటున్న మనిషికి మందు సిరలోకి ఎక్కిస్తే త్వరగా పనిచేస్తుంది. పుస్తకం అదే చెబుతుంది, అది నిజమే. కానీ ఆ మనిషి నేల మీద కొట్టుకుంటున్నాడు, చెయ్యి నిలవడం లేదు, వెలుతురు సెల్‌ఫోన్ టార్చిదే. సిర ఎలా దొరుకుతుంది? అమెరికాలో పారామెడిక్‌లే మందు ఇచ్చి దీన్ని పరీక్షించారు. ర్యాంపార్ట్ అనే ఆ అధ్యయనం 2012లో వచ్చింది. 893 మంది రోగుల్లో కొందరికి కండలోకి మిడజోలామ్, కొందరికి సిరలోకి లోరజెపామ్ ఇచ్చారు. ఆస్పత్రికి చేరేసరికి కండలో సూది వేసినవాళ్లలో 73.4 శాతం మందికి మూర్ఛ ఆగింది, సిరలో ఇచ్చినవాళ్లలో 63.4 శాతం మందికి. సిరలోకి వెళ్లాక ఆ మందు త్వరగానే పనిచేసింది, కానీ అక్కడిదాకా వెళ్లడానికే ఆలస్యమైంది. కండలో సూది వేయడానికి పట్టింది సుమారు 1.2 నిమిషాలు, సిర దొరకబుచ్చుకుని ఇవ్వడానికి 4.8 నిమిషాలు.

ఆస్పత్రి మంచం పక్కన నిలబడి ఈ ప్రశ్న పుట్టదు, ఎందుకంటే అక్కడ సిర అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రశ్న వేయగలిగేది నేల మీద మోకరిల్లి సిర వెతికినవాడే.

కెనడాలోని ఒంటారియోలో ఇంకో పెద్ద అధ్యయనం జరిగింది. గుండె ఆగినవాళ్లకు వెంటనే షాక్ ఇచ్చే ఏర్పాటు ముందే ఉన్న 17 నగరాల్లో, దానికి అదనంగా శ్వాస కోసం గొంతులోకి గొట్టం వేయడం, సిరలోకి మందులు ఎక్కించడం లాంటి పై స్థాయి వైద్యం కలిపారు. 2004లో ఫలితం వచ్చింది. బతికి ఇంటికి వెళ్లినవాళ్లు 5.0 శాతం నుంచి 5.1 శాతం అయ్యారు, అంటే తేడా లేనట్టే. బండిలో సామాను పెంచితే ప్రాణాలు పెరుగుతాయని మనం అనుకుంటాం కదా, లెక్క చూస్తే అలా లేదు. చూసినవాళ్లు వెంటనే ఛాతీ నొక్కడం, త్వరగా షాక్ ఇవ్వడం వీటికే ఎక్కువ బలం ఉందని అదే అధ్యయనంలో తేలింది.

ఆగిన గుండెను మళ్లీ కొట్టించడానికి ఇచ్చే అడ్రినలిన్ సంగతి ఇంకా లోతైనది. బ్రిటన్‌లో ఐదు అంబులెన్స్ సంస్థల్లో, గుండె ఆగిన 8,014 మందిపై జరిగిన పారామెడిక్-2 అధ్యయనం 2018లో వెలువడింది. అడ్రినలిన్ ఇస్తే నెల తర్వాత బతికున్నవాళ్లు 3.2 శాతం, దాని బదులు ఉత్త ఉప్పునీళ్లు (సెలైన్) ఎక్కిస్తే 2.4 శాతం. కానీ బతికి ఇంటికెళ్లినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు అడ్రినలిన్ వైపే ఎక్కువ, 31 శాతం, అవతలి వైపు 17.8. అంబులెన్స్ సిబ్బంది తరతరాలుగా చేతికి అలవాటై ఇస్తున్న మందును, ఆ సిబ్బంది చేతులతోనే ప్రశ్నించారు. వైద్యశాస్త్రం దీనివల్ల పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఎమర్జెన్సీ మెడిసిన్ కూడా మొదట ఇలా నిలబడినదే. అమెరికాలో దానికి 1979లో ప్రత్యేక శాఖగా గుర్తింపు వచ్చింది. మన దేశంలో భారత వైద్య మండలి 2009లో ఒప్పుకుంది. అంతకు ముందు వాళ్లనూ ఇలాగే అడిగారు: మెడిసిన్, సర్జరీ ఉన్నాయి కదా, ఇది వేరే ఎందుకు అని.

గుర్తింపు అంటే ఎవరు ఇస్తారు? సర్టిఫికెట్టా?

ఒక్క కాగితం కాదు, ఒక్క చోట దొరికేదీ కాదు. ముందు ఆ పనివాళ్లకు చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉండాలి. తర్వాత డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ ఉండాలి, ఆ పీహెచ్‌డీకి గైడుగా ఉండటానికి ఆ పని చేసి వచ్చినవాళ్లు ఉండాలి. సొంత పత్రికలు, వ్యాసాలను బేరీజు వేయగల సాటివాళ్లు ఉండాలి. ఇవన్నీ ఉన్నా మిగిలిపోయేది ఒకటుంది, పరిశోధనల వర్గీకరణలో సొంత గడి.

పరిశోధనకు డబ్బు ఇచ్చేవాళ్లు, లెక్క కట్టేవాళ్లు ప్రతి శాస్త్రానికీ ఒక కోడ్ పెట్టుకుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి వాడే అలాంటి జాబితా 2008లో వచ్చింది, 2020లో సవరించారు. ఏ దేశంలోనైనా సరే, సొంత కోడ్ లేని శాస్త్రంలో జరిగిన పని నర్సింగ్ కింద కొంత, ప్రజారోగ్యం కింద కొంత, ఎమర్జెన్సీ మెడిసిన్ కింద కొంత పడిపోతుంది. ఏడాది చివర "ఈ రంగంలో ఎంత పరిశోధన జరిగింది" అని చూస్తే సున్నా కనిపిస్తుంది. సున్నా కనిపించినచోట నిధులు ఎవరు పెడతారు? రేషన్ కార్డు లేని ఇల్లు ఊళ్లోనే ఉంటుంది, జాబితాలో మాత్రం ఉండదు. మన పరిస్థితి అదే.

బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్, డిగ్రీల మెట్లు ఎక్కడానికే చాలాకాలం పట్టింది. ఆస్ట్రేలియాలో పారామెడిక్‌లకు దేశవ్యాప్త రిజిస్ట్రేషన్ 2018 డిసెంబరు 1న మొదలైంది. బ్రిటన్‌లో కొత్తగా రిజిస్టర్ కావడానికి తీసుకునే చదువు కనీసం డిగ్రీ స్థాయిలో ఉండాలన్న నియమం 2021 సెప్టెంబరు నుంచి అమలైంది.

మన దేశంలో ఎక్కడిదాకా వచ్చింది?

2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. దాని షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్, అంటే పారామెడిక్, పేరు ఉంది. ట్రామా, కాలిన గాయాలు, మత్తుమందు, సర్జరీ టెక్నాలజీల గుంపులో పెట్టారు. పేరు ఎక్కడం చిన్న విషయం కాదు. అంతకు ముందు మన పనికి దేశమంతటికీ ఒకే చట్టం లేదు. కానీ ఉంచిన చోటు చూడండి. ఆపరేషన్ థియేటర్ టెక్నాలజిస్టు పక్కన కూర్చోబెట్టారు. ఆ పని పట్ల నాకు గౌరవమే, అయినా థియేటర్‌కూ రోడ్డుకూ పొంతన ఎక్కడిది? పారామెడిసిన్‌కు సొంత గుంపు ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇక 108 సంగతి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సేవను మొదలుపెట్టిన సంస్థ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (ఈఎంఆర్ఐ). ఆ పేరులోనే మేనేజ్‌మెంట్ పక్కన రీసెర్చ్ అనే మాట ఉంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేశారు. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులు 108ని ఎలా వాడుకుంటున్నారు, తర్వాత తల్లీ బిడ్డా ఏమయ్యారు అన్నదానిపై ఐదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనం 2016లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అది మంచి పని, ఆ వ్యాసం చదివి నేను గర్వపడ్డాను. అయితే ఆ తీరు పరిశోధనలో బండిలోని మనిషి సమాచారం నింపేవాడు, ప్రశ్న వేసేవాడు ఇంకెక్కడో ఉంటాడు. ఈఎంటీయే ప్రశ్న వేసే రోజు కోసమే ఈ గుర్తింపు అడుగుతున్నాం.

సరిహద్దులో ఉన్న మనకు ఇందులో ప్రత్యేకంగా ఏముంది?

చాలా ఉంది. నిజానికి నేను ఈ పేజీ రాయడానికి కారణమే ఇది.

పర్లాకిమిడి శివార్లలో నిలబడి 108 కొడితే, ఏ టవర్ సిగ్నల్ పట్టిందో దాన్ని బట్టి కాల్ ఒడిశాకో ఆంధ్రాకో పోతుంది. ఒకసారి సొంత మేనమామ కోసం నేనే కొట్టాను. అవతల ఎత్తినవాళ్లు "మండలం పేరు చెప్పండి" అన్నారు. గజపతి జిల్లాలో ఉండేవి బ్లాకులు, మండలం ఎక్కడి నుంచి తేవాలి? ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

రోగి దారి కూడా అంతే. ఒడిశా లెక్క ప్రకారం పెద్ద కేసు బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రికి వెళ్లాలి. ఇంట్లోవాళ్లకు శ్రీకాకుళం దగ్గర, విశాఖ కేజీహెచ్ మీద నమ్మకం. కొందరు పాతపట్నం దాకా ఆటోలో వచ్చి, అక్కడి నుంచి ఆంధ్రా 108కి ఫోన్ చేస్తారు. అప్పుడు మా రికార్డులో ఆ కేసు పాతపట్నంలో పుట్టినట్టే ఉంటుంది. కొండ మీది గూడెం నుంచి అక్కడికి రావడానికి పట్టిన సమయం ఏ రాష్ట్రం లెక్కలోనూ లేదు. పాము కరిచినవాళ్ల విషయంలో ఆ సమయమే అసలు విషయం.

మహారాష్ట్ర వైపు ఇంకో సంగతి ఉంది. అక్కడ 2014లో 937 బండ్లతో మొదలైన 108లో డాక్టరు బండిలోనే వస్తాడు. మన తెలుగు రాష్ట్రాల్లో ఈఎంటీ వస్తాడు. సిరోంచలో తెలుగువాళ్లు ఉన్నారు, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరంలోనూ తెలుగువాళ్లే. ఊళ్లు, పొలాలు, ప్రమాదాలు ఒకే రకం, బండిలో కూర్చున్న మనిషి వేరు. ఎవరు వస్తే రోగికి ఏమైంది అని పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి చోటు ఏది? నర్సింగ్ వాళ్లు ఇది తమ ప్రశ్న అనుకోరు, మెడిసిన్ వాళ్లూ అనుకోరు. ఆ ప్రశ్నకు సొంతవాళ్లు కావాలి.

నేను డిప్లొమా చదివిన ఈఎంటీని. పరిశోధన నా వల్ల అవుతుందా?

ప్రశ్న వేయడం మీ వల్లే అవుతుంది. పద్ధతి నేర్పేవాళ్లను తర్వాత వెతుక్కోవచ్చు.

నాకు ఎలా మొదలైందో చెబుతాను. డిసెంబరులో ఒక తెల్లవారుజామున మెళియాపుట్టి వైపు కొండ గూడెం నుంచి సవర గిరిజన అమ్మాయిని తీసుకొస్తుంటే బండిలోనే కాన్పు అయింది. బిడ్డ ఏడ్చింది, బొడ్డు క్లాంపు వేశాం, తుడిచి గుడ్డలో చుట్టాం. అంతా బాగుందనుకున్నాను. ఆస్పత్రిలో నర్సమ్మ చంకలో థర్మామీటర్ పెట్టి 35.4 అంది. నవజాత శిశువుకు 36.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గకూడదు. బండి వెనక తలుపు రబ్బరు అరిగిపోయి సందులోంచి చలిగాలి వస్తోందని అప్పుడు గమనించాను. తర్వాతి కాన్పుల్లో బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పడం మొదలుపెట్టాం. తల్లికి చెప్పడానికి నాకు సవర రాదు, ఆమె అత్త చూపించింది.

బండిలో పుట్టిన బిడ్డలు ఆస్పత్రి గుమ్మం దాటేసరికి ఎంత వెచ్చగా ఉన్నారు, చర్మానికి చర్మం పెడితే తేడా వస్తుందా? ఇది ఒక పూర్తి పరిశోధన ప్రశ్న. కావాల్సింది ఒక థర్మామీటర్, ఒకే తీరుగా రాసుకునే పట్టిక, రెండు మూడు చలికాలాలు. పదేళ్లు బండిలో తిరిగిన ఎవరి దగ్గరైనా ఇలాంటివి అరడజను ఉంటాయి.

మా దగ్గర పీసీఆర్ షీట్లు (ప్రతి కేసుకూ మేం నింపే పేషెంట్ కేర్ రికార్డులు) వందలకొద్దీ ఉన్నాయి. వాటి ఫొటోలు తీసి వాడుకోవచ్చా?

వద్దు. ఆ కాగితం మీద ఒకరి పేరు, ఊరు, రోగం ఉన్నాయి. బండి నడిపే సంస్థ రాతపూర్వక అనుమతి, ఒక వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ కావాలి. ఆ తర్వాత కూడా పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన సమాచారమే వాడాలి. మంచి ఉద్దేశంతోనైనా సరే, ముందే ఫోన్‌లోకి ఎక్కించుకోకండి. పర్లాకిమిడి వాళ్లకు బరంపురం, శ్రీకాకుళం రెండు వైపులా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. రాయగడ వాళ్లకు కోరాపుట్‌లో ఉంది. అక్కడి కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో ఒక గైడును పట్టుకోండి.

మందు మార్చడం, పద్ధతి మార్చడం లాంటి ప్రయోగమైతే మొదలుపెట్టే ముందే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి.

స్పృహలో లేని మనిషి దగ్గర ఒప్పుకోలు ఎలా తీసుకుంటాం?

మన శాస్త్రంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. మన సొంత ఆలోచన అవసరమైనదీ ఇక్కడే. బ్రిటన్ అడ్రినలిన్ అధ్యయనంలో ముందస్తు సంతకం సాధ్యం కాదు కాబట్టి, బతికినవాళ్లకు తర్వాత చెప్పి అడిగారు. ఇందులో ఉండటం ఇష్టంలేనివాళ్లు ముందే అడిగి, ఆ మాట రాసిన కంకణం చేతికి వేసుకునే ఏర్పాటూ పెట్టారు. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, కొన్ని పరిస్థితుల్లో ఒప్పుకోలు తర్వాత తీసుకోవడానికి దారి ఇస్తాయి.

కానీ సవర గూడెంలో ఆ తర్వాతి మాట ఎవరు, ఏ భాషలో చెబుతారు? సంతకం పెట్టమంటే భూమి కాగితమేమో అని భయపడే ముసలాయనకు పరిశోధన అంటే ఏమని చెప్పాలి? ఇందులో కంకణం మనకు పనికిరాదు. గూడెం పెద్దల ముందు కూర్చుని మాట్లాడటం పనికొస్తుందేమో. ఇది తేల్చాల్సింది లండన్‌లో కాదు, మన కొండల్లో.

అంతా ఇంగ్లిష్‌లోనే రాయాలా?

పత్రికకు పంపేది ఇంగ్లిష్‌లో రాయక తప్పదు. గమనించింది మాత్రం తెలుగులోనే రాసుకోండి. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే బడిపంతులు. జనం నోట్లో ఉన్న తెలుగు రాతకు పనికిరాదని పండితులు అంటే, పనికొస్తుందని జీవితమంతా పోరాడారు. లిపి లేని సవర భాషను కొండల్లో తిరిగి నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయనకు ముందూ సవరలు చక్కగానే మాట్లాడుకున్నారు. అది చదువుకోదగిన విషయమని లోకం ఒప్పుకోవడానికి మాత్రం ఆయన రాత కావాల్సివచ్చింది. ఈఎంటీల తెలివి ఇవాళ అదే స్థితిలో ఉంది.

దూరవిద్యలో డిగ్రీ తీసుకుంటే చాలా?

చాలదు. 2021 చట్టం కిందికి వచ్చే ఆరోగ్య కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో చెప్పింది. ఏజెంట్లు ఇంకేం చెప్పినా డబ్బు కట్టకండి.

గుర్తింపు వస్తే జీతం పెరుగుతుందా?

వెంటనే పెరుగుతుందని నేను చెప్పలేను. కాంట్రాక్టు మీద పన్నెండు గంటల డ్యూటీలు చేసేవాళ్లకు పీహెచ్‌డీ మాట వినిపిస్తే కోపం రావడం న్యాయమే. నాకూ వచ్చేది. కానీ పన్నెండు గంటల డ్యూటీ చివర్లో మందు మోతాదు తప్పే ప్రమాదం ఎంత పెరుగుతుందో లెక్క కట్టి చూపిస్తే, డ్యూటీ తగ్గించమని అడగడానికి అదే ఆధారం. ఆ లెక్క కట్టాల్సింది మనమే.

ఇప్పుడు, ఈ వారం, నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఒకటి ఉంది. మనందరికీ ఒక అలవాటు: చేతిలో కాగితం లేనప్పుడు బీపీ, పల్స్, సూది వేసిన టైము ఎడమ చేతి గ్లౌజు మీద పెన్నుతో రాసుకుంటాం. ఆస్పత్రిలో పీసీఆర్ నింపేటప్పుడు అందులోంచి రెండు మూడు అంకెలు ఎక్కిస్తాం, మిగతావి గ్లౌజుతోపాటు ఎర్ర సంచిలోకి పోతాయి. ఒకసారి ఒక పెద్దాసుపత్రిలో నేను నింపి ఇచ్చిన షీటు కూడా చూడకుండానే పక్కన పడేశారు. రోగికి దారిలో రెండుసార్లు బీపీ పడిపోయిందన్నది ఆ షీటులోనే ఉంది.

ఒక వంద పేజీల నోటుబుక్కు కొని బండిలో పెట్టుకోండి. పేరు, ఊరు, ఫోన్ ఏవీ రాయకండి. గ్లౌజు తీసే ముందు, మిమ్మల్ని ఆశ్చర్యపరిచినది ఏమిటో ఒక్క వాక్యం అందులో రాయండి: తలుపు సందులో చలిగాలి, దొరకని సిర, మండలం పేరు అడిగిన గొంతు. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం తీసుకుని పర్లాకిమిడి రండి, కూర్చుని చదువుదాం.